గంట కొట్టేలోపు చెప్పాల్సిన మాట

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటాను. స్టేషన్‌లో మైకు మోగగానే నేను వినడం మానేస్తాను. "గౌరవనీయులైన" అన్న మాట పడగానే నా చెవులు వాటంతటవే తలుపులు మూసుకుంటాయి. మీరూ అంతేనని నాకు తెలుసు, మొహమాటపడకండి. మనం అలా వినకుండా వదిలేసే మాటల్ని ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఎవరో ఒకరు రాస్తారు. ఈ కథ అలా రాసే ఒక అమ్మాయిది.

ఇంట్లో ఆమెను పొట్టి అంటారు. కంప్యూటర్ చదువు చదివి, లోకల్ రైళ్ళు నడిపే సంస్థలో మైకుకు మాటలు రాసే ఉద్యోగంలో చేరింది. చేరింది అంటే, ఇంకా పూర్తిగా చేరలేదు. ఆరు నెలలు పనితనం చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ గడువు వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. ఆమె ఫైలు పెద్దసారు బల్ల మీద, టీ కప్పు కింద ఉంది.

పెద్దసారును ఆఫీసులో అందరూ చాటుగా "గౌరవనీయులు" అంటారు. ఆయన ఏ మాటైనా అక్కడి నుంచే మొదలుపెడతాడు. కిటికీ తలుపు వేయమని చెప్పడానికి కూడా ఆయనకు పీఠిక కావాలి. ఆయన మాట్లాడుతుంటే పొట్టి తల ఊపుతూ లోపల్లోపల నవ్వుకునేది. "ఊకదంపుడు" అని ఆయనకో ముద్ర వేసి పెట్టుకుంది. తనకు ముందు ఈ ఉద్యోగం చేసినవాడి మీద ఆమెకు ఇంకా చిన్నచూపు. అతను "రైలు వస్తోంది, వెనక్కి జరగండి" అని రాసిపెట్టి రిటైరైపోయాడు. "ఇదేం భాష, బస్సు కండక్టర్ అరిచినట్టు," అనుకుని పొట్టి అతను రాసినవన్నీ కొట్టేసి, కొత్తగా, నిండుగా, పట్టుచీర కట్టించినట్టు రాసింది. పెద్దసారు చదివి ముచ్చటపడ్డాడు. "నీ వాక్యంలో ఒక గాంభీర్యం ఉందమ్మా," అన్నాడు. ఊకదంపుడు మనిషికి నచ్చిందంటే తన రాతలో ఏదో తేడా ఉండి ఉండాలన్న అనుమానం అప్పుడే రావలసింది. రాలేదు. పొగడ్త కదా.

ఆఫీసు స్టేషన్‌కి ఎదురు రోడ్డులోనే, నాలుగో అంతస్తులో ఉంది. అద్దాలు బిగించిన గది. లోపలికి రైలు కూత కాదు కదా, రోడ్డు మీద హారన్ కూడా వినపడదు. పొట్టి స్కూటీ మీద వచ్చి, సెల్లార్‌లో పెట్టి, లిఫ్టెక్కి, ఆ గదిలో కూర్చుని రైలు ప్రయాణికులకు మాటలు రాసేది. చేరినప్పటి నుంచీ ఆమె ఒక్కసారైనా రైలెక్కలేదు.

రెండో ప్లాట్‌ఫామ్ పక్క పట్టాలకు మరమ్మతు వచ్చింది. ఆ వారం నుంచి ఆసుపత్రి వైపు వెళ్ళే రైలు నాలుగో ప్లాట్‌ఫామ్ నుంచి బయలుదేరాలి. ప్లాట్‌ఫామ్ మీది బోర్డును కూడా అదే ఊపులో విప్పేసి, దాని చోట "సహకరించగలరు" అని ఒక అట్ట వేలాడదీశారు. ఎందుకు సహకరించాలో మైకే చెప్పాలి. అంటే పొట్టే చెప్పాలి. ఆమె చెప్పింది ఇదీ:

"గౌరవనీయులైన ప్రయాణికులకు హృదయపూర్వక నమస్కారములు. మీ అమూల్యమైన సమయానికీ, భద్రతకూ ఎల్లప్పుడూ పెద్దపీట వేసే మా సంస్థ, మరింత మెరుగైన సేవలను మీ ముంగిటికి తీసుకువచ్చే బృహత్తర లక్ష్యంలో భాగంగా చేపట్టిన ఆధునికీకరణ పనుల దృష్ట్యా, రెండవ నంబరు ప్లాట్‌ఫామ్ నుంచి బయలుదేరవలసిన, ఆసుపత్రి వైపు వెళ్ళు రైలు, తాత్కాలికంగా, నాలుగవ నంబరు ప్లాట్‌ఫామ్ నుంచి బయలుదేరునని, తెలియజేయుటకు చింతిస్తున్నాము."

రికార్డింగ్‌కి వచ్చే గొంతు మేడమ్ దీన్ని మూడుసార్లు మధ్యలో ఆగి చదివింది. "ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో కూడా రాయమ్మా, ఈ వయసులో ఈత నేర్పకు," అంది. పొట్టి నవ్వేసింది. పాతకాలం గొంతుకు కొత్త వాక్యం బరువే మరి, అనుకుంది.

సోమవారం పొద్దున ఆసుపత్రి రైలు నాలుగో ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చి, ఆగి, ఖాళీగా వెళ్ళిపోయింది. ఎక్కవలసిన జనమంతా రెండో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి దాన్ని అలా చూస్తూ ఉండిపోయారు.

పెద్దసారు పిలిచాడు. "గౌరవప్రదమైన మన సంస్థ చరిత్రలో," అని మొదలుపెట్టి చాలాసేపటికి సంగతికొచ్చాడు. "శుక్రవారం నేనే ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చి చూస్తాను. అప్పటికీ జనం ఇలాగే నిలబడి ఉంటే, ఈ పని బయటి ఏజెన్సీకి ఇచ్చేద్దామని పైనుంచి ఒక ఆలోచన ఉంది. నీ ఫైలు సంగతి కూడా ఆ రోజే తేల్చాలి."

"సార్, మనం చెప్పాం. జనం వినరు. నేనేం చేయను," అంది పొట్టి.

ఇంటికొచ్చేసరికి అక్క కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చుంది. అక్క ఆసుపత్రిలో నర్సు. పొట్టి అక్కా బావల దగ్గరే ఉంటుంది. బావ అదే స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తాడు. ఏ రైలు ఎటు వస్తోందో తెరమీద చూసుకుంటూ, మైకు బటన్ నొక్కడం అతని పని.

"రైలు తప్పిపోయింది. డ్యూటీకి ఆలస్యంగా పోయాను," అంది అక్క. "రాత్రి డ్యూటీ చేసిన పిల్ల నా కోసం పడిగాపులు పడింది. అసలు మైకులో ఏమైనా చెప్పి చచ్చారా?"

"మొదటి నుంచి చివరిదాకా చెప్పాం అక్కా."

సోఫాలో పడుకున్న బావ కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "చివరిదాకా నువ్వు చెప్పావు సరే, చివరిదాకా విన్న మొగాడెవడు మరదలా? మనిషివేమో పొట్టి, వాక్యమేమో చాంతాడు."

"నీకు భాష గురించి ఏం తెలుసు బావా. నువ్వు నొక్కేది ఒక్క బటను."

"అదే కదా. ఒక్క నొక్కుడుతో పనైపోద్ది. నీకేమో నమస్కారాలు, హృదయాలు, ముంగిళ్ళు. ఓసారి ప్లాట్‌ఫామ్ మీదికొచ్చి నిలబడి విను, నీ కవిత్వం."

మంగళవారం పొద్దున పొట్టి స్కూటీని ఇంట్లో వదిలి, అక్క వెనకాలే రెండో ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్ళి నిలబడింది. నిన్నటిది ఏదో ఒక్కరోజు పొరపాటనుకుని అక్కా, మిగతావాళ్ళూ మళ్ళీ అక్కడికే వచ్చారు, మైకే చెబుతుందిలే అని పొట్టి కూడా ఏమీ అనలేదు. జనం, సంచులు, ఫోన్లు, పక్కనే పట్టాల దగ్గర రాళ్ళు దించుతున్న లారీ చప్పుడు. మైకు గరగరమంది. గొంతు మేడమ్ గంభీరంగా అందుకుంది. "గౌరవనీయులైన ప్రయాణికులకు హృదయపూర్వక నమస్కారములు. మీ అమూల్యమైన సమయానికీ, భద్రతకూ ఎల్లప్పుడూ పెద్దపీట వేసే మా సంస్థ, మరింత మెరుగైన సేవలను మీ ముంగిటికి..."

టంగ్.

ఒకటో ప్లాట్‌ఫామ్ మీదికి ఏదో రైలొచ్చింది. గంట కొట్టింది. మైకు గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది. రైలు వెళ్ళాక మైకు మళ్ళీ గౌరవనీయుల దగ్గర్నుంచి మొదలైంది. ఈసారి "బృహత్తర లక్ష్యం" దాకా వచ్చింది. టంగ్. మూడో ప్లాట్‌ఫామ్. మళ్ళీ మొదటికి. టంగ్. ఆ పొద్దున ఎన్నిసార్లు మొదలైనా, "నాలుగవ" అన్న మాట ఒక్కసారి కూడా మైకులోంచి బయటికి రాలేదు.

పొట్టి పక్కన నిలబడిన పెద్దాయన చంకలో గొడుగు సర్దుకుంటూ, "ఎవరిదో సన్మానం అనుకుంటానమ్మా, రెండు రోజుల్నుంచీ పొగుడుతూనే ఉన్నారు," అన్నాడు.

ఎదురుగా నాలుగో ప్లాట్‌ఫామ్ మీద ఆసుపత్రి రైలు తలుపులు తెరుచుకుని, మూసుకుని, వెళ్ళిపోయింది. అప్పటికే వంతెన మీద పరిగెత్తుతున్న అక్క, మెట్ల మధ్యలో ఆగి, కిందనున్న చెల్లెలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో ఒక్క మాట కూడా లేదు. పొట్టి రాసిన ఏ వాక్యం కంటే కూడా స్పష్టంగా ఉంది.

పొట్టి తిన్నగా కంట్రోల్ రూమ్‌కి వెళ్ళింది. "బావా, రైలొస్తే మైకు ఆగిపోతుందని నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటి? రైలు ప్లాట్‌ఫామ్ అంచు దాటగానే గంట మోగాలి. గంట మోగితే మిగతావన్నీ మూసుకోవాలి. ఎవరూ పట్టాల మీద పడకుండా."

"మరి నాకు ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"అది రైలు సిస్టమ్ మరదలా. నీ మాటలకీ దానికీ సంబంధం ఉందని నాకేం తెలుసు?" బావ కుర్చీలో కదిలాడు. "అయినా నేను ఇక్కడి స్పీకర్ సౌండు తగ్గించే ఉంచుతాను. నువ్వు రాయడం మొదలెట్టాక తలనొప్పొస్తోంది."

రాసిన తను వినలేదు. మెచ్చుకున్న పెద్దసారు వినలేదు. మోగించే బావ సౌండు తగ్గించుకుని కూర్చున్నాడు. ఇంతమంది కలిసి వినని మాటను పాపం జనం మాత్రం వినాలట. పొట్టికి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

సాయంత్రం వంటింట్లో గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. పొడుగు తగ్గించాలి, అంతే కదా. చదువుకున్న చదువు ఎందుకు? చేత్తో కొట్టేసుకుంటూ కూర్చోవడం మోటు పని అనిపించి, చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసింది. వాక్యాన్ని ముక్కలు చేసి, ఒకేలా ఉన్న ముక్కలు రెండుంటే ఒకదాన్ని తీసేయమంది. చెప్పిందే చెప్పడం కదా సోదంటే. ప్రోగ్రామ్ క్షణంలో పని ముగించింది. పొట్టి గర్వంగా అక్కకు వినిపించింది. "... ఆధునికీకరణ పనుల దృష్ట్యా, రెండవ నంబరు ప్లాట్‌ఫామ్ నుంచి బయలుదేరవలసిన, ఆసుపత్రి వైపు వెళ్ళు రైలు, తాత్కాలికంగా, తెలియజేయుటకు చింతిస్తున్నాము."

అక్క గిన్నెలు తోముతూ, "చింతిస్తున్నారు, సరే. ఎక్కడికి పోయి ఎక్కాలి?" అంది.

పొట్టి తెరవైపు చూసింది. రెండు ముక్కల్లోనూ నంబరు ఉంది, ప్లాట్‌ఫామ్ ఉంది, బయలుదేరడం ఉంది. అందుకని ప్రోగ్రామ్ మొదటిది ఉంచి, నాలుగో ప్లాట్‌ఫామ్‌ని ఎత్తేసింది. బృహత్తర లక్ష్యం జోలికి మాత్రం పోలేదు. అలాంటిది వాక్యం మొత్తంలో అదొక్కటే ఉంది కదా.

"దీనికోసమా అమ్మ నిన్ను అంత చదివించింది?" అంది అక్క.

"ఒక్కటి కూడా తీయబుద్ధి కావట్లేదక్కా. అన్నీ ముఖ్యమైనవే."

"ఎవరికి?"

పొట్టి తెరమీది ముక్కల్ని ఒక్కొక్కటే చూసుకుంది. నమస్కారములు పెద్దసారు కోసం. పెద్దపీట సంస్థ కోసం. బృహత్తర లక్ష్యం ఎవరి కోసమో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ మాట దొరికిన రోజు తనే తన భుజం తట్టుకుని, క్యాంటీన్‌కి వెళ్ళి టీతో పాటు కేకు ముక్క కూడా తెప్పించుకుంది. పెద్దసారును ఇన్నాళ్ళూ ఊకదంపుడు అని వెక్కిరించింది. ఆయన దంచేది ఒక గదిలో, తలుపులు మూసుకుని. తను దంచింది స్టేషన్ మొత్తానికి, మైకు పెట్టి.

"ఒక పని చెయ్యి," అని అక్క కుళాయి మొత్తం తిప్పేసి, స్టీలు గిన్నెలన్నీ సింకులో గుమ్మరించింది. "నేను వీటిని కడుగుతుంటా. నువ్వు వాకిట్లోంచి చదువు. నాకు వినపడ్డది ఉంచు. మిగతాది పారెయ్."

పొట్టి వాకిట్లోకి వెళ్ళి చదివింది. గిన్నెలు దడదడలాడాయి.

"ఏం వినపడింది?"

"ఏదో నమస్కారం పెట్టావ్. తర్వాత గరిటె కిందపడింది."

కొంత కొట్టేసి మళ్ళీ చదివింది. "ఇప్పుడు?"

"మీ సంస్థ మంచిదంట. అది నేనడిగానా?"

హాల్లోంచి బావ, "నన్నడిగితే ఆ సంస్థ సంగతి నేను చెబుతా, రెండు ముక్కల్లో," అన్నాడు. అతని జోలికి ఎవరూ పోలేదు.

కొట్టేయడం మొదట్లో పన్ను పీకించుకున్నట్టుగా ఉంది. "తాత్కాలికంగా" తీసేసింది. రైలెక్కేవాడికి ఇవాళ్టి సంగతి చాలు. "ఆధునికీకరణ పనులు" తీసేసింది. పక్కన రాళ్ళ లారీ ఆ సంగతి ఎలాగూ చెబుతోంది. "చింతిస్తున్నాము" తీసేసింది. చింతించాల్సినంత చింతించింది. బృహత్తర లక్ష్యం దగ్గర వేలు ఆగింది. వంటింట్లోంచి అక్క, "అయిందా, నీళ్ళు వృథా అవుతున్నాయి," అని కేకేసింది. అదీ పోయింది. పోయాక చూస్తే, దాని చోట ఏమీ లోటు కనపడలేదు. అది మాత్రం మనసుకు కొంచెం కష్టంగా అనిపించింది.

చివరికి వాకిట్లోంచి చదివింది. "ఆసుపత్రి రైలు నాలుగో ప్లాట్‌ఫామ్ మీద. వంతెన ఎక్కండి."

కుళాయి ఆగింది. "నాలుగో ప్లాట్‌ఫామా? ఆ సంగతి నిన్ననే చెప్పొచ్చుగా," అంది అక్క.

బావ హాల్లోంచి వచ్చి కాగితం చూశాడు. "ఇంతేనా? దీనికి నెల జీతమా?"

"తీసేసినవాటికి బావా."

మర్నాడు పెద్దసారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక వైపు ఏమైనా ఉందేమోనని కూడా చూశాడు.

"గౌరవనీయులైన ఏదమ్మా?"

"అది వినేలోపే రైలొచ్చేస్తోంది సార్."

"సంస్థ పేరు కూడా లేదు."

"రైలు పెట్టె పెట్టెకీ రాసుంది సార్."

"నమస్కారం కూడా లేకుండా, వంతెన ఎక్కండి అనడం..." ఆయన మొహం ముడుచుకున్నాడు. "ఎవరో మనల్ని తోసినట్టుంది. మర్యాద ముఖ్యమమ్మా. అది లేకుండా నేను సంతకం పెట్టను."

పొట్టి వాదనకు దిగబోయి ఆగింది. ఈయనకు కావలసింది ఆ మాటలు ఉండడం. అవి వినపడాలని ఈయన ఒక్కసారి కూడా అనలేదు. "సరే సార్. మీ మాటలు ఒక్కటి కూడా తీయను. వరస మాత్రం మారుస్తాను," అంది.

రాసి తెచ్చింది. ముందు ఆసుపత్రి రైలు, నాలుగో ప్లాట్‌ఫామ్, వంతెన. ఆ వెనకాల గౌరవనీయులైన ప్రయాణికులకు హృదయపూర్వక నమస్కారములు, అమూల్యమైన సమయం, పెద్దపీట, అన్నీ వరసగా. కావాలని బృహత్తర లక్ష్యాన్ని కూడా చిట్టచివర తగిలించింది. పెద్దసారు చదివి తృప్తిగా సంతకం పెట్టాడు. "ఇప్పుడు నిండుగా ఉంది," అన్నాడు. మిగతా కోత రైలు చూసుకుంటుందిలే, అనుకుంది పొట్టి.

గొంతు మేడమ్ వచ్చి మొదటి రెండు ముక్కలు చదివి, "ఇదేంటి, ఊపిరి మిగిలిపోయింది," అంది. మిగతాదంతా ఆమె ఎప్పటిలా ఈదుకుంటూ చదివింది.

శుక్రవారం పొద్దున పెద్దసారు ఇస్త్రీ చొక్కాతో రెండో ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాడు. పక్కన పొట్టి. జనం ఎప్పటిలాగే ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. మైకు గరగరమంది.

"ఆసుపత్రి రైలు నాలుగో ప్లాట్‌ఫామ్ మీద. వంతెన ఎక్కండి. గౌరవనీయులైన ప్రయాణి..."

టంగ్.

ఒక తల లేచింది. పక్క మనిషిని, "ఏదీ, నాలుగా?" అని అడిగింది. గొడుగు పెద్దాయన అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు. "సన్మానం అయిపోయినట్టుంది," అంటున్నాడు ఎవరితోనో. ముందు ఇద్దరు, వాళ్ళ వెనక ఒక గుంపు, తర్వాత ప్లాట్‌ఫామ్ మొత్తం కదిలింది. మైకు మళ్ళీ మొదలై, మళ్ళీ గౌరవనీయుల దగ్గరే తెగింది. వంతెన మీద అక్క పరిగెత్తకుండా, తాపీగా, సంచి భుజానికి తగిలించుకుని నడుస్తోంది. ఆసుపత్రి రైలు నాలుగో ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చి, నిండి, వెళ్ళింది. రెండో ప్లాట్‌ఫామ్ మీద సంస్థ తరఫు మనుషులు ఇద్దరే మిగిలారు.

"గౌరవనీయులైన మధ్యలోనే తెగిపోయిందేంటమ్మా?" అన్నాడు పెద్దసారు.

"రైలొచ్చింది సార్."

పైవాళ్ళకు సంగతి చెప్పడానికి ఆయన వెళ్ళాల్సిన రైలు ఒకటో ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుంది. అటు వైపు నడుస్తూ గొంతు సవరించుకున్నాడు. పొట్టి పక్కనే నడిచింది.

"చూడమ్మా, గడిచిన ఆరు మాసాలుగా నీ పనితీరును నిశితంగా గమనించిన మీదట, సంస్థ దీర్ఘకాలిక ప్రయోజనాలనూ, యువతరానికి అవకాశాలు కల్పించవలసిన మన నైతిక బాధ్యతనూ దృష్టిలో ఉంచుకుని, అదే సమయంలో పైవారి అభిప్రాయాలకు కూడా తగిన..."

టంగ్.

రైలొచ్చింది. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. చేతులు కూడా కదిలాయి, చివరికి చూపుడు వేలు పైకి లేచింది, అంటే సంగతి దగ్గరపడినట్టు. ఒక్క ముక్క వినపడలేదు. చెప్పాల్సిందంతా చెప్పేసిన మొహంతో ఆయన రైలెక్కాడు.

పొట్టి తలుపు దగ్గరకు వెళ్ళింది. "సార్, నాకేం వినపడలేదు."

"అదేనమ్మా, గడిచిన ఆరు మాసాలుగా..."

"సార్. ఉద్యోగం ఉందా, లేదా?"

ఆయన బిత్తరపోయాడు. జన్మలో ఎవరూ ఆయన్ని అంత చిన్న ప్రశ్న అడిగి ఉండరు.

"ఉంది," అన్నాడు. "కాకపోతే..."

తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. పొట్టి చెయ్యి ఊపింది.

ఆ "కాకపోతే" ఏంటో సోమవారం తెలిసింది. ఉద్యోగం పర్మనెంట్ చేస్తూ పెద్దసారు స్వయంగా ఆలోచించి హోదా పెట్టాడు. ప్రయాణికుల సౌజన్య సంభాషణ మరియు శబ్ద సమాచార సమన్వయ విభాగ సహాయ రచయిత్రి. కొత్త గుర్తింపు కార్డు మీద ఆ హోదా పట్టేసరికి ఫోటోకి చోటు మిగల్లేదు. గేటు దగ్గర కాపలా అతను రోజూ ఆ కార్డు మొత్తం చదువుతాడు, ఆ తర్వాత "ఇంతకీ మీరెవరు మేడమ్?" అంటాడు.

"మైకు," అంటుంది పొట్టి. లోపలికి వదిలేస్తాడు.

మీకూ ఇలాంటివి ఎదురై ఉంటాయి. అసలు సంగతి దాకా రాని నోటీసులు, చివరిదాకా చదివినా ఏం చేయాలో చెప్పని ఉత్తర్వులు, మీరే రాసి, మీరే మురిసిపోయి, ఆనక చేత్తో కొట్టేసుకున్న వాక్యాలు. అవన్నీ నాకు రాసి పంపండి, చదవాలని ఉంది. అసలు ముక్క మాత్రం మొదట్లోనే పెట్టండి. నా చెవుల సంగతి మొదట్లోనే చెప్పాను కదా, కళ్ళు కూడా అంతకంటే గొప్పవేం కావు.